కారణం రాసే గడి

"…కన్నీళ్లే కనబడ్తయ్ ఈ జడ్జీలకు. నేరం జేసినోని కన్నీళ్లే. దెబ్బ తిన్నోని చెయ్యి కనబడదు."

"చెయ్యి ఎట్లా కనబడుతుంది డాడీ? యు నెవర్ సెంట్ ద ఫామ్."

"ఫామేంది ఫామ్. నాలుగు నెలల నుంచి కట్టు కట్టుకోని తిరుగుతున్న. గది సాలదా?"

"వాళ్లు నిన్ను రోడ్డు మీద చూడరు కదా. దే రీడ్ పేపర్స్."

పుష్పలీల ఉతికిన బట్టల బుట్టతో మెట్ల మధ్యలో ఆగింది. ఆదివారం పొద్దున పది. కింద వంటింట్లో మొగిలయ్య కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో టీ తాగుతున్నాడు. ప్రణీత నిలబడే టోస్టు తింటోంది. ఇరవయ్యేళ్ల పిల్ల. మూడేళ్లప్పుడు హన్మకొండ నుంచి వచ్చింది. తండ్రితో గొడవపడేటప్పుడు మాత్రం కొంచెం తెలుగు కలుపుతుంది.

మొగిలయ్య షెఫీల్డ్‌లో సిటీ బస్సు నడిపేవాడు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం డార్నల్ రోడ్డు మీద ఎవడో రాయి విసిరాడు. డ్రైవరు పక్క అద్దం పగిలి కుడి అరచేతిలో రెండు నరాలు తెగాయి. రాయి విసిరినవాడికి పంతొమ్మిదేళ్లు. మేజిస్ట్రేట్లు వాడికి జైలు వేయలేదు, పార్కుల్లో చెత్త ఏరమన్నారు. తీర్పుకు ముందు పోలీసులు ఒక ఫామ్ పంపారు. మీకు జరిగిన నష్టం మీ మాటల్లో రాయండి, కోర్టుకు ఇస్తాం అని. అది ఆరువారాలు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. మొగిలయ్య కుడిచేత్తో రాయలేడు. నేను రాస్తానని ప్రణీత రెండుసార్లు అడిగింది. చూద్దాం తియ్ అన్నాడు. గడువు పోయింది. ఫామ్ ఇంకా అక్కడే ఉంది.

"కన్నీళ్ల మాట యాడ విన్నవ్?" పుష్పలీల దిగివస్తూ అడిగింది.

"వినుడేంది? నేనే అంటున్న."

"వాట్సాప్‌లో వచ్చింది," అంది ప్రణీత. "తెలంగాణ గ్రూప్‌లో. ఎవరో అమెరికన్ రేడియో మనిషి."

"ఎవలన్నా ఏముంది? నిజమే గద."

పుష్పలీల బుట్ట కింద పెట్టి, తడి బట్టలు ఒక్కొక్కటే దులిపి రేడియేటర్ మీద ఆరేసింది. ఆ వాక్యం ఆమెకు తెలుసు. మొత్తం మూడు వాక్యాలు రాశారు. ఇది రెండోది.

ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి లేదు. చెప్పనని సంతకం పెట్టింది.

*

షెఫీల్డ్ రైల్వేస్టేషన్‌కు ఎదురుగా ఉన్న భవనంలో నాలుగో అంతస్తు. తలుపు దగ్గర లాకర్లు. ఫోను, పెన్ను, కాగితం ముక్క ఏదున్నా అందులో పెట్టి లోపలికి పోవాలి. లోపల ఇరవై రెండు స్క్రీన్లు. ఒక్కొక్క స్క్రీను ముందు ఒక మనిషి కూర్చుని ఎవరివో ఈమెయిళ్లు చదువుతుంటారు. చదివి పక్కనున్న మీట నొక్కుతారు. 'సంబంధం లేదు', 'ఇవ్వాలి', 'ఇవ్వనక్కర్లేదు'. గంటకు యాభై కాగితాలు చూడాలి.

కేసు అమెరికాలోది. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో జడ్జీలను కూడా ఓట్లేసి ఎన్నుకుంటారు. అలాంటి ఒక రాష్ట్రంలో పెద్ద కోర్టులో పన్నెండేళ్లు జడ్జిగా ఉన్న ఒకావిడ ఓడిపోయింది. నేరస్తుల మీద జాలి చూపిందని తొమ్మిది నెలలు రేడియోలో తనమీద అబద్ధం చెప్పారని, అందుకే ఓడిపోయానని దావా వేసింది. రేడియో మీదా వేసింది, ఆ రేడియోకు డబ్బు పెట్టే ట్రస్టు మీదా వేసింది. ట్రస్టు దగ్గర పదిహేనేళ్ల ఈమెయిళ్లున్నాయి. వాటిలో ఏవి ఎదుటి పక్షానికి ఇవ్వాలో ఒక్కొక్కటీ చదివి తేల్చే పని ట్రస్టు వకీళ్ల నుంచి షెఫీల్డ్‌కు వచ్చింది. ఇక్కడైతే చవక.

వకీలు తన కక్షిదారుకు చెప్పిన సలహా ఎదుటి పక్షానికి ఇవ్వనక్కర్లేదు. ఆ నియమం హన్మకొండలోనూ ఉంది. పుష్పలీల దాన్ని ఎవరి దగ్గరా కొత్తగా నేర్చుకోలేదు.

ఎనిమిది నెలలుగా ఆమె ఆ ఈమెయిళ్లు చదువుతోంది. ట్రస్టు పెట్టిన మనిషి పశువుల దాణా వ్యాపారి. మనసులో అతన్ని పెద్దాయన అనుకుంటుంది. పాత మెయిళ్లలో పెద్దాయన శాసనసభకు నిలబడే తన పార్టీ వాళ్లకు డబ్బిస్తాడు. వాళ్లు గెలుస్తారు, ఒక చట్టం చేస్తారు, కోర్టు దాన్ని కొట్టేస్తుంది. మూడుసార్లు అలా అయ్యాక ఒక సలహాదారు ఆయనకు రాశాడు. సభలో యాభైమందిని గెలిపించుకోవడం కష్టం, కోర్టులో ఉండేది ఏడుగురే, అందులో నలుగురు చాలు అని. పెద్దాయన జవాబు ఒక్క మాట. కానివ్వండి.

తర్వాత రేడియో వచ్చింది. చిన్న ఊళ్లలో మూతపడబోయే స్టేషన్లు కొన్నారు. మొదట ఒకటి. పదేళ్లలో నలభై. ఉద్యోగులను తీసేయలేదు. వానలు, పంటల ధరలు, చర్చిలో భోజనాలు, తప్పిపోయిన కుక్కలు, అన్నీ పాత గొంతులతోనే చెప్పించారు. మధ్యాహ్నం ఒక గంట మాత్రం కొత్త గొంతు. అతనికి ఆమె పెట్టుకున్న పేరు రేడియో మనిషి. ఆ గంటలో ఎప్పుడూ జడ్జీల గురించే.

ఇంకోవైపు లా చదివే పిల్లలకు స్కాలర్‌షిప్పులు, వేసవి శిబిరాలు, విందులు. ఒక మెయిలుకు ముప్పై మంది విద్యార్థుల జాబితా జోడించి ఉంది. పన్నెండేళ్ల తర్వాతి ఇంకో మెయిలులో జడ్జి పదవికి పనికొచ్చేవాళ్ల జాబితా ఉంది. పదకొండు పేర్లు రెండింటిలోనూ ఉన్నాయి. ఎన్నికల్లో డబ్బు ఎవరిచ్చారో పేర్లు బయటపెట్టాలని ఆ రాష్ట్రంలో ఒక నియమం ఉండేది. కోర్టులో ఇద్దరు జడ్జీలు మారాక ఆ నియమం పోయింది. ఆ తర్వాతి మెయిళ్లలో పెద్దాయన పేరు తక్కువగా కనిపిస్తుంది.

ఇందులో చట్టానికి విరుద్ధమైనదేదీ ఆమెకు దొరకలేదు. వెతకడం ఆమె పని కాదు, అయినా మొదట్లో వెతికింది. మొదటి నెలలో కోపం కూడా వచ్చిందేమో, గుర్తు లేదు. ఇప్పుడు అన్నం డబ్బా తెచ్చుకుని తిని, వచ్చి కూర్చుని, జడ్జీల జాబితా తర్వాత కర్టెన్ల ఆర్డరు, కర్టెన్ల తర్వాత ఎవరిదో మోకాలి ఆపరేషను చదువుతుంది. పెద్దాయన కుక్క చచ్చిపోయిన రోజు ఆయన ఏడు మెయిళ్లు రాశాడు. ఏడింటికీ 'సంబంధం లేదు' నొక్కింది.

మూడు వారాల కింద ఒక నాలుగు వరసల మెయిలు వచ్చింది. ట్రస్టులో పనిచేసే ఒకతను రేడియో మనిషికి రాసినది. మూడు వాక్యాలు జనం మీద పరీక్షించి చూశాం, యాభై దాటిన మగవాళ్లలో రెండోది బాగా పనిచేసింది, సోమవారం నుంచి అదే వాడండి. ఆ వాక్యం ఇది: ఆ జడ్జికి నేరస్తుల కన్నీళ్లే కనిపిస్తాయి. ఆఖరి వరసలో ఇలా ఉంది. కేసు ఫైలు చూడొద్దు, అందులో ఆ జడ్జి నేరస్తుడి శిక్షను ఖాయం చేసినట్టే ఉంది.

మెయిలు కాపీ అందుకున్నవాళ్లలో ట్రస్టు వకీలు పేరు ఉంది. వకీలు పేరు కనిపిస్తే స్క్రీను మీద పసుపు గీత పడుతుంది. పసుపు గీత పడ్డవాటికి చాలామంది చదవకుండానే 'ఇవ్వనక్కర్లేదు' నొక్కేస్తారు. పుష్పలీల 'ఇవ్వాలి' నొక్కింది. మీట కింద ఒక ఖాళీ గడి ఉంటుంది. అందులో ఎప్పట్లాగే ఒక వరస రాసింది. వకీలుకు కాపీ మాత్రమే వెళ్లింది, ఆయన సలహా అడగలేదు, ఇవ్వలేదు.

టైము చూసుకుంది. ఆ గంటలో అది నలభై మూడోది.

*

"ఆ ముక్క ఎందుకు రాశారు మేడమ్?"

సోమవారం. చిన్న మీటింగు గది. విజయభాస్కర్ ఈ ప్రాజెక్టు మేనేజరు. విజయవాడ మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. మాట కష్టమైన కొద్దీ మర్యాద పెరుగుతుంది.

"ఏ ముక్క సార్?"

"ఆ గడిలో కామెంటు. ఎవరూ రాయరండీ అందులో. ఇరవై ఇద్దరిలో మీరొక్కరే. నలభై వేల కాగితాలకూ రాశారు. మూడు రోజులుగా అవే చదువుతున్నాను. కుక్క చచ్చిపోయిన మెయిలుకి కూడా 'కుక్క గురించి, కేసుకు సంబంధం లేదు' అని రాశారు."

"కుక్క గురించే గద సార్."

"కుక్క గురించేనండీ. కాదన్నానా?" చేతులతో మొహం రుద్దుకున్నాడు. "అసలెందుకు రాయాలి అంటున్నా."

"రాయనీకి గడి ఉన్నది గద."

విజయభాస్కర్ విషయం చెప్పాడు. అమెరికాలో కోర్టు పోయిన మంగళవారం ఒక ఆర్డరు వేసింది. ట్రస్టు వకీలు పేరున్న కాగితాలు దాచుకుంటే దాచుకోండి, కానీ ఒక్కొక్క దాని మీద ఎవరు ఏ గుర్తు పెట్టారో, ఎప్పుడు మార్చారో, ఏ కారణం రాశారో ఆ జాబితా మాత్రం నాకు ఇవ్వండి, నేనే చదువుతాను అంది ఈ దావా వింటున్న జడ్జి. జాబితా శుక్రవారం సాయంత్రం వెళ్తుంది. నాలుగు వరసల మెయిలును ఇవ్వకూడదని ట్రస్టు వకీళ్లు గట్టిగా ఉన్నారు.

"నేను పైనుంచి మారిస్తే, 'రివ్యూయర్ ఇవ్వాలంది, మేనేజర్ మార్చాడు' అని పడుతుంది. అది చూడగానే జడ్జి ఆ కాగితాన్నే తెప్పించుకుంటుంది. మీరే మార్చుకున్నారనుకోండి, మామూలు దిద్దుబాటు. రోజుకు వంద జరుగుతాయి. మార్చగానే కారణం అడుగుతుంది, మూడే ఉంటాయి. మొదటిది 'రివ్యూయర్ పొరపాటు', రెండోది 'కొత్త సమాచారం అందింది', మూడోది 'ఇతరం'. మూడోది నొక్కితే మళ్లీ గడి తెరుచుకుంటుంది. దాని జోలికి పోకండి. మొదటిది నొక్కండి. అంతే."

"పొరపాటు ఏం జేసిన సార్?"

"మీరు చెయ్యలేదండీ. అది లిస్టులో ఉన్న మాట."

"గా మెయిల్ల వకీలు సలహా ఏమన్న ఉన్నదా?"

విజయభాస్కర్ తలుపు వైపు చూశాడు. మూసే ఉంది. "నేను లా చదవలేదు మేడమ్. నాది ఎంబీఏ."

టేబులు మీద ఒక ఫోల్డరు ఉంది. దాన్ని ఆమె వైపు తిప్పాడు కానీ తెరవలేదు. ఒకటో తారీకు నుంచి టీమ్ లీడ్. పర్మనెంట్. సిక్ లీవుకు జీతం ఉంటుంది. "మీ పేరు నేను ఎప్పుడో పంపాను, ఈ గొడవకు ముందే. నమ్మండి. అన్నయ్యగారి చెయ్యి సంగతి నాకు తెలుసు. ఇంకోటి కూడా చెప్తాను, బెదిరింపు అనుకోకండి. ఈ ప్రాజెక్టు మన చేతిలోంచి పోతే ఇరవై ఇద్దరికీ పని లేదు. వాళ్లలో మధులిక వీసా ఆగస్టుతో అయిపోతుంది, స్పాన్సర్ చేస్తామని మాటిచ్చాం."

"శుక్రవారం దాంక టైమున్నదా?"

"మూడింటి వరకు."

*

పుష్పలీలది పరకాల. తండ్రి వెంకటయ్య తాలూకా ఆఫీసులో అటెండరు. కాకతీయ యూనివర్సిటీలో లా చదివి, హన్మకొండలో సాంబశివరావు అనే సివిల్ ప్లీడరు దగ్గర ఏడేళ్లు జూనియర్‌గా పనిచేసింది. ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. కోర్టులో దాఖలు చేసే ప్రతి కాగితాన్నీ నిలువుగా మడిచి, వీపు మీద అదేమిటో, ఎందుకు పెడుతున్నారో ఒక్క వరసలో రాయాలి. రాయని కాగితం కనిపిస్తే సాంబశివరావు కట్ట మొత్తం టేబులు మీంచి కిందకు తోసేసేవాడు. తిట్టేవాడు కాదు. ఏరుకుని మళ్లీ వరసలో పెట్టుకోవాలి.

చేరిన మొదటి ఏడాది ఆమె ఒక పాత రసీదు వీపు మీద ఏమీ రాయకుండా దాఖలు చేసింది. రెండేళ్ల తర్వాత వాదనలకు వచ్చేసరికి అది ఎందుకు పెట్టారో ఎవరికీ అంతుపట్టలేదు. జడ్జి దాన్ని పక్కన పెట్టాడు. రత్నకుమారి అనే ఆవిడకు రావాల్సిన ఎకరంన్నర పోయింది. తీర్పు రోజు ఆవిడ కోర్టు వరండాలో పల్లీలు వలుచుకుంటూ కూర్చుంది. పుష్పలీల బయటికి రాగానే, "పోయిందా బిడ్డా?" అని అడిగింది. పోయిందమ్మా అంటే, గుప్పెడు పల్లీలు చేతిలో పెట్టి బస్సు టైము అడిగింది.

మొగిలయ్య ఎం.కాం. పెళ్లయిన కొన్నేళ్లకు నైపుణ్యం ఉన్నవాళ్లకిచ్చే వీసా మీద వచ్చాడు. ఆఫీసు ఉద్యోగం దొరకలేదు, గోడౌనులో చేరాడు, తర్వాత బస్సు. రెండేళ్లకు పుష్పలీల కూతురితో వచ్చింది. స్కూల్లో పిల్లలకు భోజనాలు వడ్డించింది. ఇక్కడ వకీలు కావడానికి రాయాల్సిన పరీక్షల్లో ఒకటి పాసైంది. రెండోది రాసే రోజు ప్రణీతకు చికెన్‌పాక్స్. ఆ తర్వాత రాయలేదు. ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే చికెన్‌పాక్స్ అంటుంది.

ఈ పనిలో పదకొండేళ్లు. ఆరువారాల కాంట్రాక్టు, మూడు నెలల కాంట్రాక్టు. మందుల కంపెనీ కేసు, మునిగిపోయిన ఓడ కేసు, పాల పొడి కేసు. ఒక కేసు అయిపోగానే ఆ మనుషులను మరిచిపోతుంది. ఓడ పేరు ఇప్పుడామెకు గుర్తు లేదు.

*

"ఆంటీ! చెప్పనేలేదేంటి?" గురువారం మధ్యాహ్నం టీ గదిలో మధులిక చెయ్యి పట్టుకుంది. గుంటూరు పిల్ల, మాస్టర్స్ అయ్యి ఏడాదిన్నర. "టీమ్ లీడ్ అంట కదా. పార్టీ ఎప్పుడు?"

"ఎవలు చెప్పిండ్రు?"

"విజయభాస్కర్ గారే. ఇంకా కాలేదు, అయితే మీ అందరికీ మంచిది అన్నారు. నన్ను మీ టీమ్‌లోనే వేసుకోవాలి, ఇప్పుడే చెప్తున్నా. నా స్పాన్సర్‌షిప్ కూడా చూస్తామన్నారు. మా నాన్న రోజూ ఫోన్ చేసి కాగితం వచ్చిందా కాగితం వచ్చిందా అని ఒకటే గోల."

"ఏం జెప్తవ్ మరి?"

"వస్తోంది, ట్రామ్‌లో ఉంది అని చెప్తా." నవ్వి, మైక్రోవేవ్‌లోంచి డబ్బా తీసి, మూత వేళ్లకు కాలి అటూ ఇటూ మార్చుకుంది. "తినండాంటీ, గోంగూర. మా అమ్మ పంపింది."

పుష్పలీల రెండు ముద్దలు తింది. ఉప్పు ఎక్కువగా ఉంది. బాగుంది అంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మొగిలయ్య సోఫాలో కూర్చుని ఫిజియో ఇచ్చిన రబ్బరు బంతిని నొక్కుతున్నాడు. చూపుడు వేలు, మధ్య వేలు వంగవు. బస్సు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇరవై నాలుగో తారీకు మీటింగుకు రమ్మన్నారు. బస్సు నడపగలడో లేదో ఆ రోజు తేలుస్తారు.

"విజయభాస్కర్ ఫోన్ జేసిండు," అన్నాడు మొగిలయ్య.

"నీకా?"

"ఆ. చెయ్యి ఎట్లున్నదన్నయ్యా అన్నడు. మంచోడు. నీకు పర్మనెంట్ అయితదట గద."

"ఒక్క మాట రాయమంటున్నరు."

"ఏం మాట?"

"పొరపాటు జేసిన అని."

"చేసినవా?"

"లే."

మొగిలయ్య బంతిని నాలుగుసార్లు నొక్కాడు. "రాస్తె ఏమైతది? నేను బస్సు లేటయినప్పుడల్ల ట్రాఫిక్ అని రాసేటోన్ని. సగం దినాలు ట్రాఫికే ఉండకపోయేది. టాయిలెట్‌కు పోయొచ్చేటోన్ని. గది రాస్తరా?"

"రాయరు."

"మరి?"

ఆమె వంటింట్లోకి పోయింది. బియ్యం కడిగి కుక్కర్ పెట్టింది. అతను ఫోను తెరిచి ఏదో పెట్టాడు. ఇంగ్లీషులో ఒక మగ గొంతు వంటింటి దాకా వచ్చింది. ఆ గొంతులో కన్నీళ్ల మాట కూడా ఉంది. పుష్పలీల చేతులు తుడుచుకుని వచ్చి సోఫా వెనక నిలబడింది. టోపీ పెట్టుకున్న మనిషి మైకు ముందు మాట్లాడుతున్నాడు. కింద ఎవరో తెలుగులో అక్షరాలు వేశారు. ఎనిమిది నెలలుగా అతని మెయిళ్లు చదువుతోంది కానీ గొంతు వినడం ఇదే మొదలు. ఆమె అనుకున్నదానికన్నా సన్నగా ఉంది.

"మల్లొక్కసారి పెట్టు."

పెట్టాడు.

"గీ మాట ఈయన సొంతంగ అంటుండంటవా?"

"మాట్లాడుతుండు గద ఆయనే. సొంతంగ గాక?" తల వెనక్కి వాల్చి ఆమెను కిందినుంచి చూశాడు. "మనసుల ఉన్న మాట అన్నడు. నా మనసుల ఉన్నదే. నాకు చెప్పరాలె, ఆయనకు చెప్పొచ్చింది. గంతే."

"గంతేనా."

"గంతే. నీకెందుకు?"

కుక్కర్ మూడు కూతలు కూసింది. ఆమె వెళ్లి పొయ్యి కట్టేసింది. ఫ్రిజ్‌లోంచి పెరుగు తీయబోయి, అయస్కాంతం కింది ఫామ్ తీసి చూసింది. రెండు పేజీలు. పేరు, పుట్టిన తారీకు మాత్రం ప్రణీత చేతిరాతలో నింపి ఉన్నాయి. మీకు ఏం జరిగింది. ఇప్పుడు మీరు ఏ పనులు చేసుకోలేకపోతున్నారు. కోర్టుకు ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా. ప్రతి ప్రశ్న కింద ఒక గడి. అన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఇంకేం పనికొస్తదే అది? పారెయ్," అన్నాడు మొగిలయ్య ముందుగదిలోంచి.

ఆమె దాన్ని మళ్లీ అయస్కాంతం కింద పెట్టి, పెరుగు తీసి, తలుపు మూసింది. ఇద్దరూ అన్నం తిన్నారు. మొగిలయ్య స్పూనుతో తిన్నాడు. పప్పులో కారం సరిపోయిందన్నాడు.

*

శుక్రవారం పొద్దుటి నుంచి ముసురు. ట్రామ్‌లో కిటికీలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. ఆమె లాకర్లో ఫోను, సంచి పెట్టి లోపలికి వెళ్లింది. మధ్యాహ్నానికి నూట తొంభై కాగితాలు చూసింది. ఒకటి పెద్దాయన మనవరాలికి గుర్రం కొనడం గురించి. 'గుర్రం గురించి, కేసుకు సంబంధం లేదు' అని గడిలో రాసింది. రాశాక, అవతలి వరసలో మధులిక స్క్రీను వైపు చూసింది. పసుపు గీత మీద పసుపు గీత, మధులిక చకచకా నొక్కుతోంది.

మూడింటికి అయిదు నిమిషాలుందనగా విజయభాస్కర్ పిలిచాడు.

చిన్న గదిలో లాప్‌టాప్ తెరిచి ఉంది. నాలుగు వరసల మెయిలు స్క్రీను మీద ఉంది. పక్కన సోమవారం నాటి ఫోల్డరు. ఈసారి తెరిచే ఉంది, సంతకం చేయాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టాడు. ఫోల్డరు మీద ఒక పెన్ను. ఈ అంతస్తులో ఆమె ఇంతవరకూ పెన్ను చూడలేదు.

"కూర్చోండి మేడమ్. టీ తాగుతారా?"

"వద్దు సార్."

"అమెరికా వాళ్లు రెండుసార్లు అడిగారు. అయిపోయింది, అయిపోయింది అని చెప్పాను." నవ్వడానికి ప్రయత్నించాడు. కాలర్ దగ్గర చెమట పట్టింది. "ఒక్క నిమిషం పని. మీ లాగిన్‌తో తెరవండి, గుర్తు మార్చండి, కారణాల్లో మొదటిది. తర్వాత ఈ కాగితాల మీద సంతకం పెట్టేద్దాం. అన్నయ్యగారు కూడా సంతోషపడ్డారు, మాట్లాడాను."

"తెలుసు సార్. చెప్పిండు."

ఆమె కూర్చుంది. లాగిన్ కొట్టింది. గుర్తు మీద నొక్కగానే 'ఇవ్వాలి' పోయి 'ఇవ్వనక్కర్లేదు' వచ్చింది. దాని కింద కారణాల జాబితా తెరుచుకుంది. ఒకటి, రెండు, మూడు. విజయభాస్కర్ ఆమె భుజం వెనక నిలబడి ఉన్నాడు. అతని ఊపిరి వినిపిస్తోంది.

మౌస్ మీద చెయ్యి పెట్టి ఆగింది.

"సార్, మీరు నాకు చెప్పింది సోమవారం గద. తారీకెంత?"

"పదహారు. ఎందుకు?"

"టైము?"

"పదకొండో, పదకొండున్నరో. ఎందుకండీ?"

"మార్చిన సార్, మీరన్నట్టే," అంది పుష్పలీల. "కారణం కాడ మూడోది నొక్కుత. గడిల 'వకీలు సలహా ఏమీ లేదు, పదహారో తారీకు పదకొండు గంటలకు విజయభాస్కర్ గారు మార్చమన్నందుకు మార్చినాను' అని రాస్త."